పచ్చిక మీద దండయాత్ర

ఒకానొక రాజ్యంలో ఉద్దండవర్మ అనే రాజు ఉండేవాడు. పొరుగు దేశపు సరిహద్దు గోడను ఆనుకుని ఆయనకొక విహారవనం ఉండేది. అందులోని పచ్చిక అంటే ఆయనకు పంచప్రాణాలు. వచ్చిన అతిథికల్లా దాన్ని చూపించి, "ఇలాంటిది మీ దేశంలో ఉందా?" అని అడిగి, లేదనిపించుకుంటే గాని భోజనం పెట్టేవాడు కాదు.

ఒక ఏడాది వానలు వెలిశాక ఆయన వనానికి వెళ్ళేసరికి పచ్చిక నిండా ఏదో తీగ పాకి ఉంది. కణుపు కణుపుకూ వేరు దించుకుని, గడ్డిని ఊపిరాడనీయకుండా అల్లుకుపోయింది. భటులు పైపైన తెంపితే, తెంపిన ముక్కలు కూడా చిగిర్చాయి. గోడ అవతల పొరుగు రాజు తోటలోనూ అదే తీగ కనబడింది.

"అర్థమైంది!" అని గర్జించాడు ఉద్దండవర్మ. "మన పచ్చిక చూసి ఓర్వలేక ఆ పొరుగువాడు దీన్ని మన మీదికి తోలాడు. ఇది కలుపు కాదు, దండయాత్ర! సైన్యాన్ని రప్పించండి!"

దండనాయకుడు వీరమల్లు ఊరూరా చాటింపు వేయించాడు. అది వరి కోతల కాలం. కుర్రాళ్ళు కొడవళ్ళు గట్టున పడేసి కత్తులు పట్టారు. వాళ్ళ తల్లులు పండి ఒరిగిన చేలనూ, వెళ్ళిపోతున్న కొడుకులనూ మార్చి మార్చి చూస్తూ నిలబడ్డారు.

ఆ దారిన పల్లకిలో వస్తున్న ఆస్థాన విదుషి వకుళాంబ ఆ తల్లులను చూసింది. ఆమె పెద్ద రాజుగారి కాలం నుంచీ కొలువులో ఉన్న వృద్ధురాలు. తన మాటకు తిరుగు లేదని ఆమెకు మహా గర్వం. ఆ గర్వం ఊరికే వచ్చింది కాదని ఆ రోజు ఋజువైంది.

ఆమె నేరుగా వనానికి వెళ్ళి, "యుద్ధం చేయవలసిందే ప్రభూ!" అంది. "అయితే శత్రువు గుడారం ఎక్కడుందో చూసుకోకుండా కత్తి దూయడం తమవంటి వీరులకు తగునా?"

"చూసేదేముంది? గోడ అవతలే!"

"తీగను పట్టుకుని పోతే తేలిపోతుంది. కొస సన్నం, మొదలు లావు. లావైన వైపు నడిస్తే స్థావరం దొరుకుతుంది. కాని ఇది భటుల పని కాదు. సేనకు ముందు నడవవలసింది రాజే కదా!"

ఆ మాటకు రాజు పొంగిపోయి మీసం దువ్వాడు. గోడ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని తీగను చేతబట్టాడు. అక్కడ అది దారంలా సన్నగా ఉంది. గోడకు దూరమైన కొద్దీ వేలంత లావైంది, మరికాస్త దూరంలో మణికట్టంత అయింది. అలా పాకుతూ పాకుతూ రాజుగారు వనం నడుమనున్న తన చలువరాతి ఆసనం దగ్గరికే వచ్చిపడ్డాడు. ఆకులు తప్పిస్తే అక్కడ అక్షరాలు చెక్కిన పలక ఒకటి కనబడింది.

"శత్రువు పేరై ఉంటుంది. చదవండి ప్రభూ!" అంది వకుళాంబ.

రాజు బిగ్గరగా చదివాడు. "అరివీరభయంకర, ఉద్యానకళాచక్రవర్తి, శ్రీ ఉద్దండవర్మ మహారాజులుంగారు తమ జన్మదినాన స్వహస్తాలతో నాటిన..."

అక్కడ గొంతు దిగిపోయింది. ఊదాపూల మోజులో, 'పాకే మొక్క ప్రభూ, పచ్చికలో వద్దు' అని తోటమాలి మొత్తుకున్నా వినకుండా ఆ తీగను తానే నాటిన సంగతి గుర్తుకొచ్చింది.

వీరమల్లు పాపం అమాయకంగా, "ఇప్పుడు ఎవరి మీదికి వెళ్ళమంటారు ప్రభూ?" అని అడిగాడు.

రాజు ముఖం కందగడ్డ అయింది.

"ఇంకా వెళ్ళడమేమిటి నాయనా? యుద్ధం ఎప్పుడో అయిపోయింది, గెలిచింది మనమే!" అంది వకుళాంబ. "ప్రభువులు స్వహస్తాలతో పంపిన సేన ఒక్క నెత్తుటి బొట్టు చిందకుండా గోడ దాటి, పొరుగు తోటను ఆక్రమించింది. దండయాత్రకు వెళ్ళినట్టు తమకే తెలియకుండా గెలిచిన రాజు, తరతరాల చరిత్రలో మన ప్రభువొక్కరే!"

రాజు ఒక్క క్షణం బిత్తరపోయాడు. తరువాత ఆ గడ్డిలోనే చతికిలబడి, కిరీటం జారిపోయేదాకా పడీ పడీ నవ్వాడు.

"మరి గెలిచాం గదమ్మా, ఇప్పుడేం చేయాలి?"

"గెలిచిన నేలను తిరిగి ఇచ్చేవాడే మహారాజు. మొదలంటా తవ్వించి, రెండు తోటల్లోనూ కణుపు కూడా మిగలకుండా ఏరించండి. ఖాళీల్లో కొత్త గడ్డి నాటించండి. కోటలోని భటులు చాలు. ఆ కోత కుర్రాళ్ళను ఇళ్ళకు పంపండి."

అలాగే జరిగింది. గోడ దాటి వచ్చిన భటులు కత్తులకు బదులు గునపాలు పట్టుకుని కలుపు తీస్తుంటే పొరుగు రాజు నోరు వెళ్ళబెట్టి చూశాడు. ఇక్కడ చేలల్లో కోతపాటలు మొదలయ్యాయి.

ఉద్దండవర్మ తన మెడలోని పచ్చలహారం తీసి వకుళాంబకు బహూకరించి, ఇంటికి దిగబెట్టమని తన పల్లకినే తెప్పించాడు.

ఆమె హారం సర్దుకుని, తల పైకెత్తి, రాజవీథి వెంట నడక సాగించింది.

"ఎక్కండమ్మా, పెద్దవారు!" అన్నారు బోయీలు.

"పల్లకి తెరల వెనక కూర్చుంటే హారం ఎవరికి కనబడుతుందిరా?" అంది వకుళాంబ.