పేనుబాట

చయనులుగారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, చెప్పుల కోసం చూస్తారు. నిఘంటువులన్నీ నమిలి మింగిన శిష్యుడు పేరిశాస్త్రికి ఈ అలవాటు బొత్తిగా నచ్చేది కాదు. ఆ రోజు మాత్రం గత్యంతరం లేక అడిగాడు.

నూతులన్నీ బాగా లోతుగా ఉండే ఆ మెట్ట ఊరి చివర ఆరు కుటుంబాలవాళ్ళు నార తాళ్ళు పేనుకునే పొడవాటి ఖాళీ జాగా ఒకటుంది. తాతల నాటి నుంచి దాన్ని పేనుబాట అంటారు. ఊరి పెద్దలు మధ్యలో అడ్డంగా గోడ లేపి, అవతలి సగంలో ధాన్యపు కొట్టు కట్టాలనుకున్నారు. ఆ పొద్దుటే పునాదిరాళ్ళు కూడా దింపించారు. ఆ పేరుకు అర్థమేమిటో శాస్త్రి తేల్చి రాసిస్తే, దాన్నిబట్టి నడుచుకుంటామన్నారు. పేనడమంటే తెలిసిందే. బాట అన్నాక ఏదో ఒక చోటికి పోవాలి కదా, ఇది చూస్తే ఒక తుమ్మచెట్టు దగ్గర ఆగిపోతుంది. వాడుకలో చెడిపోయిన పేరు, మూసేసినా తప్పులేదని రాయబోయి శాస్త్రి కలం ఆపాడు. ఆరు కుటుంబాల నోటికాడి కూడు మరి.

"ఎక్కడికీ పోని దాన్ని బాట అని ఎందుకన్నారండీ?" అని అడిగాడు.

చయనులుగారు చెప్పులు తొడుక్కున్నారు.

వాళ్ళు వెళ్ళేసరికి సూరాలు అనే ముసలామె నూతికి చేంతాడు పేనుతోంది. ఒక కొసన కోడలు రాట్నం తిప్పుతుంటే, సూరాలు తన నడుముకు చుట్టుకున్న నారను వేళ్ళతో అందిస్తూ వెనక్కి నడుస్తోంది. ఎంత దూరం నడిస్తే అంత తాడు. చూపంతా చేతుల మీదే. కోడలు కేకేసేలోపే పునాదిరాయి మడమకు తగిలి ముసలామె వెల్లకిలా పడింది. శాస్త్రి పరుగున వెళ్ళి లేవదీశాడు. ఆ రాయి తన మాట కోసమే కాచుకుని ఉందని గుర్తొచ్చి అతనికి తలకొట్టేసినట్టయింది.

"నలభయ్యేళ్ళలో ఎనక్కి సూసి ఎరగనండి. సూసే పని పళ్ళేదు," అంది సూరాలు మోచేయి దులుపుకుంటూ.

సగం సగం పేని ముడేస్తే సరిపోదా అని శాస్త్రి నసిగాడు. ముడి గిలకలో దిగదని ఆమె చెప్పింది. ఆ తాడు, గోడ లేపాలన్న పెద్దల్లో ముఖ్యుడైన పెద్దగారింటి నూతికేనట.

చయనులుగారు వంగి, ఆ సగం తాడును తీసి శిష్యుడి చేతిలో పెట్టారు.

"ఇది పెద్దగారి నూతిలోకి వదిలి చూడవోయ్. బాట ఎక్కడికి పోతుందో తెలుస్తుంది."