గవ్వకి పెట్టిన పొడుగు పేరు

గోదారి పాయ సముద్రంలో కలిశాక, బురద నీళ్ళు పోయి నీలం నీళ్ళు మొదలయ్యే చోట డాల్ఫిన్ల మంద ఒకటి కాపురముండేది. మందలో అందరికంటే పెద్దది నూకాలవ్వ. దానికి రెండే పనులు. ఒకటి మనవరాలు గవ్వని చూసుకోవడం, రెండోది పాత రోజులు తలుచుకోవడం. రెండోది కాస్త ఎక్కువే చేసేది.

డాల్ఫిన్లకి పేరంటే ఈల. ఎవరి ఈల వాళ్ళదే. నూకాలవ్వ చిన్నప్పుడు ఒక్కో పేరు ఎంత సోకుగా ఉండేదని! కింద మొదలై, రెండు మెలికలు తిరిగి, సన్నగా పైకెళ్ళి, దిగేటప్పుడు చివర చిన్న విరుపు విరిచేది. అప్పట్లో నీళ్ళల్లో రొయ్యల చిటపటలు, వాన చప్పుడు, ఎప్పుడైనా ఓ తెడ్డు అలికిడి తప్ప వేరే గోల లేదు. అమ్మ ఏరు కలిసే ఏటిమొగ దగ్గర పిలిస్తే అరపూట ఈత దూరంలో ఉన్న కూతురు పలికేది.

తర్వాత ఓడలొచ్చాయి. వాటి కింద ఎంత అరిచినా మాట పక్కకి పోదు. దాంతో మందంతా పేర్లు కత్తిరించేసుకుంది. మెలికలు పోయాయి, విరుపులు పోయాయి. ఇప్పటి పిల్లలందరివీ పొట్టిగా, గట్టిగా, చదునుగా ‘కీ’ అనే పేర్లే. ఇవీ ఒక పేర్లేనా అని నూకాలవ్వ సణిగితే, దాని కూతురు, గవ్వ తల్లి పోలి విసుక్కునేది.

“ఓడ నెత్తి మీదుంటే అంత పొడుగు పేరు ఎవరికి ఇనపడుద్దే అమ్మా? నువ్వు పిలవడం అయ్యేసరికి సేపలు ఎల్లిపోతాయి.”

నూకాలవ్వ సణుగుడు వెనక అసలు సంగతి వేరే ఉంది. ఓడ మోతకి చెవులు మొద్దుబారితే ఒకటి రెండు రోజుల్లో తేరుకునేవి. కానీ రేవు కోసం ఇనప స్తంభాలు దిగ్గొట్టిన ఏడాది, ఆ దెబ్బలకి మొద్దుబారిన చెవులు మళ్ళీ తేరుకోలేదు. సన్నటి స్వరాలు ఆనాడే పోయాయి. తన పేరులో పైకెళ్ళే ముక్క తనకే వినపడదు. ఎవరైనా పిలిచినప్పుడు పలక్కపోతే, ఏదో ఆలోచనలో ఉన్నానని సర్దేసేది. ఈ దిగులుతోనే, పోలికి తెలియకుండా, గవ్వకి తన పేరునే ఇంకో మెలిక కలిపి నేర్పింది. తను పోయినా పేరైనా ఉంటుందని దాని ఆశ.

ఒకనాడు ఓడలు లేని పూట సొరచేప గంగులు దూరంగా వచ్చి ఆగాడు. మహా మర్యాదస్తుడిలా అవ్వ ఆరోగ్యం అడిగాడు. పాతకాలం సముద్రమే సముద్రమన్నాడు.

“మీ మంద తోక కదిపితే సాలు, మైలు దూరాన ఉన్నా నా సెవికి తెలిసిపోద్ది అవ్వా. అందుకే ముందే తప్పుకుంటా, మీ జోలికి రాను. మరి ఓడొచ్చినప్పుడు మీ పిల్లల గతేటి?”

ఇన్నాళ్ళకి తన గోడు వినేవాడొకడు దొరికాడు. అవ్వ ఉబ్బిపోయింది. ఓడ కింద తల్లి పిలుపు పిల్లకి అందదనీ, అన్ని పేర్లూ ఒక్కలాగే ఉండటంతో పిల్లలు తికమకపడి వేరే తల్లుల వెనక పోతున్నారనీ పూసగుచ్చినట్టు చెప్పేసింది. గంగులు పాపం పాపం అంటూ అంతా విని, సెలవు తీసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పెద్ద ఓడొచ్చింది. మంద అప్పుడే కవళ్ళ చేపల గుంపుని చుట్టుముట్టింది. మోత కమ్మేసరికి తల్లులందరూ ఒక్కసారే ‘కీ’ అన్నారు. గవ్వ ఏ ‘కీ’ తనదో తెలియక ఒకసారి అటు, ఒకసారి ఇటు తిరిగి, చివరికి ఎటూ కాకుండా విడిపోయింది.

చెవుల్ని నమ్మడం ఎప్పుడో మానేసిన నూకాలవ్వ కళ్ళతో చూస్తోంది. గవ్వ అవతల కవళ్ళ గుంపు ఉన్నట్టుండి రెండుగా చీలింది. ఆ చీలికలోంచి బూడిదరంగు వీపు ఒకటి పైకి లేస్తోంది. గంగులే. ఈ దారి వాడికి చూపించింది తనే, తన నోరే.

అరిచి లాభం లేదు, ఎవరికీ వినపడదు. ఆ మాట అనుకోగానే అవ్వకి ఇంకోటి తట్టింది. ఎవరికీ అంటే గంగులికి కూడా. మైలు దూరాన తోక కదిలితే తెలిసే ఆ చెవి ఇప్పుడు తన చెవిలాంటిదే.

నూకాలవ్వ వాడి వెనక నుంచి వచ్చింది. దాక్కోలేదు, నెమ్మదిగా రాలేదు. ఒంట్లో ఉన్న సత్తువంతా తోకలో పెట్టి, నీళ్ళు చీల్చుకుంటూ తిన్నగా వచ్చింది. గంగులు నోరు తెరిచి గవ్వ మీదికి వంగేదాకా వాడికి అలికిడే లేదు. మూతితో మొప్పల మీద పొడిచిన ఆ పోటుకి వాడు గిర్రున తిరిగి, ఎటు దొరికితే అటు పారిపోయాడు.

గవ్వ కూడా బెదిరి పారిపోయింది. ఓడ దాటిపోయేసరికి నీళ్ళల్లో పిల్ల జాడ లేదు. పోలి ‘కీ’ అంటూ పిచ్చిదానిలా తిరుగుతోంది. అన్ని వైపుల నుంచీ పిల్లలు ‘కీ’ అంటున్నారు, అందులో గవ్వ ఏదో తెలియదు.

నూకాలవ్వ పోలిని ఊరుకోమంది. మంద సద్దుమణిగాక, గవ్వకి తను నేర్పిన ఆ పొడుగు పేరు పిలిచింది. మెలికలు తిప్పి, తనకి వినపడని ఎత్తుకి తీసుకెళ్ళి, దించి, విరిచింది. తర్వాత ఏమైందో దానికి తెలియదు. దానికంతా నిశ్శబ్దమే. పోలి మొహంలోకి చూస్తూ నిలబడింది. పోలి ఉన్నట్టుండి తూర్పుకి తిరిగింది.

“పలికిందేటే?”

“పలికిందమ్మా. నీకు ఇనపడలేదా?”

“లేదే. శానా ఏళ్ళయింది.” ఈసారి దాచుకోకుండా అడిగింది. “సివర ఇరుపుందా?”

“ఉంది,” అంది పోలి. తల్లి పక్కకి చేరి ఒళ్ళు ఆనించింది. పిల్లని తీసుకురావడానికి ఇద్దరూ కలిసే వెళ్ళారు. ఆ ఏడాది నుంచి ఓడ లేని పూటల్లో మందలోని పిల్లలందరికీ నూకాలవ్వ దగ్గరే పేర్లు పెట్టించారు.

గంగులు మాత్రం వాచిన మొప్పలతో తిరుగుతూ, తనని ఓడ గుద్దిందని అందరికీ చెప్పుకునేవాడు.

పక్కవాడికి వినపడని మోతలో దూరేవాడు, తన చెవి కూడా మూసుకుపోయిందని గుర్తుంచుకోవాలి.