ఎర్రని అడుగులు

పల్దెన్‌కి జంబా మీద అనుమానం పుట్టింది. పుట్టింది పోలేదు సరికదా, రోజురోజుకీ ముదిరింది.

జంబా మొన్నటిదాకా అడవిమేకల్ని వేటాడి బతికినవాడు. ఒకనాడు విల్లు విరిచేసి, మంచుకొండ అంచున ఉన్న ఈ చిన్న మఠానికి వచ్చాడు. వేట మానేశాడని సొంత అన్నదమ్ములే అతన్ని గెంటేశారు. ముసలి గురువు రించెన్ మారుమాటాడకుండా చోటిచ్చాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని పల్దెన్ మాత్రం లోలోపల అనుకున్నాడు.

ఎండాకాలం మూడు నెలలూ ఆ మఠంలో భిక్షువులు గడప దాటరు. చిన్నచిన్న ప్రాణులు మేలుకునే కాలం కదా, కాలికింద పడి చస్తాయని ఆ నియమం. పోయిన చలికాలంలో కింది ఊళ్ళనుంచి వచ్చిన పల్దెన్‌కి ఇక్కడ ఇదే మొదటి ఎండాకాలం. జంబా ఇంకా దీక్ష తీసుకోలేదు కాబట్టి, రోజూ మంచు దాటి వెళ్ళి నీళ్ళు తెచ్చేవాడు.

నీళ్ళకి అంతసేపా? పైగా ఆ కూనిరాగం ఒకటి. పల్దెన్ అతను విప్పిన కంబళిని వాసన కూడా చూశాడు. మాంసం వాసన రాలేదు. కడుక్కుని వస్తున్నాడన్నమాట, అనుకున్నాడు.

ఒక ఉదయం గుమ్మంలోంచి చూస్తే, జంబా వెళ్ళిన దారిలో ప్రతి అడుగూ ఎర్రగా ఉంది. నెత్తురే అనుకున్నాడు పల్దెన్. జంబా సామానంతా మూటగట్టి గడప అవతల పెట్టి, గురువు దగ్గరికి పరుగెత్తాడు.

"వేటాడుతున్నాడు గురువుగారూ. అడుగుల నిండా నెత్తురే. ఇవాళే పంపించెయ్యండి."

"పంపిస్తే ఎక్కడికి పోతాడు?"

"అది అతని ఖర్మ."

గురువు తన భిక్షాపాత్ర తీసి పల్దెన్ చేతికిచ్చాడు.

"ఆ అడుగులు ఎక్కడిదాకా పోయాయో చూసిరా. వచ్చేటప్పుడు ఆ ఎర్రమంచు కాస్త తీసుకురా."

"మరి నియమం?"

"నా మాట మీద వెళ్ళు నాయనా."

జంబా అడుగుల పక్కనే, చూపు ముందుకే నిలిపి నడిచాడు పల్దెన్. ఆ చివర మేకా లేదు, విల్లూ లేదు. కరిగిన మంచు సన్నగా ధార కడుతున్నచోట కుండ పెట్టుకుని కూర్చున్నాడు జంబా. గురువు నేర్పిన మంత్రం నోరు తిరగక, మళ్ళీ మళ్ళీ పాడుకుంటున్నాడు.

పల్దెన్ అక్కడే వంగి, పాత్రలోకి ఎర్రమంచు ఎత్తుకుని వెనక్కి తిరిగాడు. జంబావీ తనవీ, రెండు వరసల అడుగులు మఠందాకా ఉన్నాయి. రెండూ ఎర్రగానే ఉన్నాయి.

అతను గుమ్మం చేరేసరికి పాత్రలో మంచు కరిగి గులాబిరంగు నీళ్ళయింది. గురువు అందులోకి తొంగిచూశాడు.

"నెత్తురు కాదు నాయనా. ఇవీ ప్రాణులే. కంటికి ఆనవు. చలికాలమంతా నిద్రపోయి, ఎండ తగిలితే పైకొచ్చి ఎర్రబడతాయి. అడుగు పడినచోట మంచు నొక్కుకుని ఆ ఎరుపు చిక్కగా కనిపిస్తుంది."

పల్దెన్ తన చెప్పుల వంక చూసుకున్నాడు. తనూ వాటిని తొక్కుకుంటూనే వచ్చాడు.

గురువు గడప అవతలి మూట చూపించాడు.

"నిన్ను పంపింది నేను. ముందు నా మూట కట్టు. తర్వాత నీది కట్టుకో. అప్పుడు అతని సంగతి చూద్దాం."

దూరాన జంబా కూనిరాగం వినబడింది. అతను గుమ్మం చేరేలోపే పల్దెన్ ఆ మూట లోపలికి తెచ్చి, ముడి విప్పి, కంబళి ఎక్కడిదక్కడ పరిచాడు.