శుభ్రమైన నాచు

నూకరత్నానికి మూడు వారాలుగా కంటిమీద కునుకు లేదు. అన్నం ముందు కూర్చుంటే సీసాలు గుర్తొస్తాయి, సీసాల ముందు కూర్చుంటే కమిటీ గుర్తొస్తుంది.

తప్పు ఆమెదే. భీమిలి సముద్రపు రాళ్లకు పట్టి పెరిగే పచ్చ నాచును ఒక్క సూక్ష్మజీవి కూడా అంటకుండా ల్యాబులో పెంచి చూపిస్తానని పీహెచ్‌డీ కమిటీ ముందు గొప్పగా మాటిచ్చేసింది. ఆమె గైడు భానోజీ మాస్టారు అప్పుడు నోరెత్తలేదు. ముప్పై ఏళ్లుగా నాచుతోనే కాపురం చేస్తున్న మనిషి, వద్దని ఒక్క మాటంటే ఏం పోయేది? ఇప్పుడామెకు ఆయన మీద కూడా కోపంగానే ఉంది.

నాచు మీద సన్నటి జిగురు ఉంటుంది. ఆ జిగురులో ఉండేది బాక్టీరియా. ఉప్పు లేనిదే బతకని జాతి, మంచినీళ్లు తగిలితే చస్తుంది. నూకరత్నం ముందు జిగురు గీకి ఉప్పునీళ్లలో పక్కన పెట్టి, మిగిలినదాన్ని మందులు పోసి పోసి వదిలించింది. మైక్రోస్కోపులో ఎంత వెతికినా ఒక్కటీ కనపడలేదు. కానీ నాచు ఆకులా విచ్చుకోవడం మానేసి పొడిపొడిగా రాలిపోసాగింది. ఇంకా మురికి మిగిలిందేమోనని మళ్లీ మందు పోసింది. ఆరు సీసాల్లో ఐదు పోయాయి.

కమిటీకి ఇంకా పదిహేను రోజులే ఉంది. నాచు చూపించలేకపోతే పీహెచ్‌డీ మధ్యలో వదిలేసి ఇంటికి పోవాల్సిందే.

మిగిలిన సీసా పట్టుకుని మాస్టారి గదికెళ్లింది.

"ఇదొక్కటే మిగిలింది మాస్టారూ. ఇంకెంత శుభ్రం చెయ్యమంటారు?"

ఆయన సీసాను వెలుతురుకి ఎత్తి చూశారు. "నువ్వు తీసేసిన జిగురేదమ్మా?"

"ఫ్రిజ్‌లో ఉంది. రేపు పారేద్దామని."

"పట్రా."

తెచ్చింది. ఆయన డ్రాపర్‌తో ఒక్క చుక్క తీసి, ఆమె ఏమిటని అడిగేలోపే సీసాలో వేసేశారు.

"మాస్టారూ! నాలుగు నెలల కష్టం! పాడుచేసీసేరు!"

"ఆఁ, చేసీసేను," అన్నారాయన నింపాదిగా మూత బిగిస్తూ. "పన్నెండు రోజులు దీని జోలికి రాకు."

ఆ రోజుల్లో నూకరత్నం పడ్డ బాధ పగవాళ్లకు కూడా వద్దు. గంటకోసారి వెళ్లి చూసేది. నీళ్లు కాస్త మసకబారితే గుండె జారిపోయేది. అమ్మకి ఫోన్ చేసి, నా చదువైపోయిందే అని ఏడ్చింది కూడా. ఆరో రోజు మందు చేతిలోకి తీసుకుంది. మాస్టారిని నాలుగు తిట్టుకుని, మళ్లీ కింద పెట్టేసింది.

పదకొండో రోజు పొద్దున సీసా అడుగున ఆవగింజంత పచ్చదనం. భూతద్దం పెట్టి చూసింది. ఆకే. అంచులు విచ్చుకుని నీళ్లలో మెల్లగా కదులుతోంది.

పరుగున వెళ్లి మాస్టారి బల్ల మీద సీసా పెట్టింది. ఆనందం ఆ గుమ్మం దాకానే నిలిచింది. మళ్లీ బెంగ పట్టుకుంది.

"ఆ చుక్కతోనే బతికింది మాస్టారూ. కానీ ఇందులో బాక్టీరియా ఉంది కదా. శుభ్రమైన నాచని కమిటీకి ఎలా రాయను?"

మాస్టారు కళ్లజోడు పెట్టుకుని ఆ ఆకును చూశారు.

"అలా రాయకు," అన్నారు. "బతికిన నాచని రాయి."