పుట్టింటి పొర కప్పుకున్న వైరస్

ఒకప్పుడు వైరస్‌లన్నీ పుట్టిన ఇంటిని పగలగొట్టుకునే బయటపడేవి. ఆ కాలంలో కొల్లేటి బాతు కడుపులో కణమ్మ అనే జీవకణం ఉండేది. ఆమే ఇసుక రేణువుకన్నా చిన్న ఇల్లు. పల్చటి నూనె పొరే ఆ ఇంటి గోడ.

పిలవకుండానే పోగయ్య అనే వైరస్ జన్యుదారం ఆ ఇంట్లో దూరాడు. కణమ్మ తిండితోనే పిల్లల్ని పుట్టించుకున్నాడు. అందరూ ప్రోటీన్లే. పెద్దది వంపులి.

ఎంత హాయైన రోజులో అవి! లోపలంతా గోరువెచ్చన. బాతు ఈదితే ఇల్లు ఉయ్యాలలా ఊగేది. బాతు అరుపు గోడలోంచి మెత్తగా వినిపించేది. వంపులి వింటూ వింటూ నిద్రపోయేది.

ఒకరోజు పోగయ్య అన్నాడు, "ఇక కదలాలి. గోడ బద్దలు కొట్టండి."

వంపులి అడ్డుపడింది. "కొడితే కణమ్మ ఏమైపోతుంది నాన్నా?"

"మనవాళ్లంతా అలాగే పోయారు కదే!"

"మనం అలా పోవద్దు."

వంపులి కణమ్మను అడిగింది. "అమ్మా, మేం వెళ్లక తప్పదు. కప్పుకోడానికి నీ పొరలో చిన్న ముక్క ఇస్తావా? ఇల్లు నిలబడుతుంది."

కణమ్మ అప్పటికే నీరసించిపోయింది. "వచ్చేటప్పుడు అడగలేదు. పోయేటప్పుడైనా అడిగావు. చిరగకుండా తీసుకో తల్లీ."

వంపులి గోడకు అతుక్కుంది. "రండే!" అని పిలిచింది. చెల్లెళ్లు చేతులు పట్టుకుని పక్కపక్కనే అతుక్కున్నారు. వాళ్లు చేరేకొద్దీ గోడ నూనెలో పూరీలా బయటికి పొంగింది. పోగయ్య అందులోకి ముడుచుకుని కూర్చున్నాడు.

చివరికి సన్నటి మెడ మిగిలింది. దాన్ని తెంపడం వంపులికి చేతకాలేదు. కణమ్మే తన పనివాళ్లను పంపింది. వాళ్లు మెడ బిగించి తుంచేశారు. ఇల్లు చిరగలేదు.

బాతు రెట్టతోపాటు వాళ్లు కొల్లేటి నీళ్లలో పడ్డారు. బయట ఒకటే చలి. పొరలో మాత్రం ఇంకా కణమ్మ వాసన.

"నాన్నా, వెనక్కి పోదామా?"

"దారి మూసుకుపోయింది తల్లీ. పట్టు వదలకు."

వంపులి ఏడ్చింది. కానీ వదల్లేదు. బాతు ఈదుకుంటూ దూరమైపోయింది. వాళ్లు మళ్లీ ఆ ఇల్లు చూడలేదు.

అప్పటినుంచే కొన్ని వైరస్‌లు మొగ్గ తొడిగినట్టు ఉబ్బి, పుట్టిన కణం పొరనే కప్పుకుని బయటికొస్తాయి. అది నూనె పొర కాబట్టే సబ్బునీళ్లు తగిలితే ఈనాటికీ కరిగిపోతుంది. కరిగేదాకా మాత్రం వంపులి పిల్లలు దాన్ని లోపలినుంచి పట్టుకునే ఉంటారు.