సరి ఆకులు, బేసి ఆకులు

మద్దిలేటికి చదువు మీద మనసు విరిగిపోయింది. కంబగిరిస్వామి ఆశ్రమానికి వచ్చి రెండేళ్లయింది. కొత్తలో తాటాకు గ్రంథం చేతికందితే అన్నం సంగతి కూడా మరిచిపోయేవాడు. అలా పన్నెండు గ్రంథాలు చదివాడు. పదమూడోది విప్పితే మాత్రం మూడో ఆకు దాటేలోపే ఆవులింతలు. అక్షరాలు కంటికి కనిపిస్తాయి, లోపలికి దిగవు.

పోనీ, చదివింది ఎవరితోనైనా మాట్లాడేవాడా అంటే అదీ లేదు. ఆశ్రమంలో మిగిలినవాళ్లు ఆవుల్ని చూసేవాళ్లు, కట్టెలు కొట్టేవాళ్లు. ఎద్దుకేం తెలుసు అటుకుల రుచి అని అతని ధీమా.

చివరికి ఒక ఉదయం మూట కట్టుకుని వచ్చి స్వామి ముందు నిలబడ్డాడు.

"సామీ, నాకింక చదువు రాదు. ఇంటికి పోయి మడక పట్టి సేద్యం చేసుకుంటా. సెలవీయండి."

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చదువుకోవడం తప్ప అతనికి వేరే కోరిక లేదు.

స్వామి కాదనలేదు. "పోదువులే. ఇదొక్కటి చదివి పో," అని లోపలి నుంచి ఒక గ్రంథం తెచ్చాడు. సరుకుల వ్యాపారం వదిలి గురువును వెతుక్కుంటూ ఓడెక్కిన ఒక బేహారి కథ అది. స్వామికి మొదటి నుంచి చివరిదాకా నోటికి వచ్చు.

మద్దిలేటి చేయి చాపితే ఇవ్వలేదు. వంటింటి వైపు తిరిగి ఉసేనప్పను కేకేశాడు. ఉసేనప్ప ఆశ్రమానికి వంట చేసే పెద్దాయన. నలభై దాటాక స్వామి దగ్గరే అక్షరాలు దిద్దుకున్నాడు. చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

స్వామి గ్రంథానికి కట్టిన తాడు విప్పాడు. ఒక ఆకు మద్దిలేటి ముందు, ఒక ఆకు ఉసేనప్ప ముందు, విస్తళ్లు వేసినట్టు వరసగా పెట్టుకుంటూ పోయాడు. అరవై ఆకులూ అయ్యేసరికి బేసివన్నీ శిష్యుడివి, సరివన్నీ వంటాయనవి అయ్యాయి.

"ఎవరి ఆకు వాళ్లే చదవాల. రెండోవాళ్లకు నోటితో చెప్పాల," అని లేచి ఆవుల కొట్టం వైపు వెళ్లిపోయాడు.

మొదటి ఆకులో బేహారి రేవుకొచ్చి, "అవతలి ఒడ్డున గురువున్నాడా?" అని ఓడవాణ్ణి అడుగుతాడు. ఆకు అక్కడితో సరి. జవాబు వంటింట్లో ఉంది. మద్దిలేటికి ఒళ్లు మండింది. అయినా వెళ్లక తప్పలేదు.

ఉసేనప్ప పొయ్యి ముందు కూర్చుని, అక్షరం కింద వేలు పెట్టుకుని చదువుతున్నాడు.

"ఏం ఉసేనప్పా, ఓడవాడు ఏం చెప్పినాడు?"

"ఉండు నాయనా, ఇంకా రెండో వరసలోనే ఉండా. అంతలోకి నీ ఆకులో ఏముందో చెప్పు."

మద్దిలేటి రెండు ముక్కల్లో తేల్చేశాడు. బేహారి ఇల్లు వదిలాడు, రేవులో నిలబడి ఏడ్చాడు, ఓడవాణ్ణి అడిగాడు.

"ఏంటికి ఏడ్చె?"

"ఎవరికి తెలుసు? ఏడ్చినాడని ఉంది, అంతే."

"అంత పెద్ద బేహారి ఊరికే ఏడుస్తాడా? ఇంకోసారి చూడు."

గొణుక్కుంటూ వెళ్లి చూశాడు. ఉంది. ఆరో వరసలోనే ఉంది. తండ్రి వెళ్లిపోకుండా కూతురు అతని చెప్పులు దాచేసింది. అతను వట్టి కాళ్లతోనే బయల్దేరాడు. రేవులో ఇసుక కాలేసరికి ఆ పిల్ల గుర్తొచ్చింది. మద్దిలేటి ఆ వరస మీదుగా కళ్లు పోనిచ్చాడే కానీ చదవలేదు. పన్నెండు గ్రంథాల్లో ఇలా ఎన్ని వరసలు దాటేసి వచ్చాడో, పాపం!

పరుగున పోయి చెప్పాడు. ఉసేనప్ప గరిటె పక్కన పెట్టి, "అయ్యో తల్లీ," అన్నాడు. ఆ మాట వినగానే మద్దిలేటి కడుపు నిండిపోయింది. పన్నెండు గ్రంథాలు చదివినా అతనికి అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

అక్కడి నుంచి, దీనికి ఉసేనప్ప ఏమడుగుతాడో అనుకుంటూ ఒక్కో వరసా చదివేవాడు. ఉసేనప్ప కూడా తక్కువ తినలేదు. ఓడలో గింజలు తరిగిపోయిన ఆకు చెబుతూ, ఎన్ని శేర్లు ఎందరికి ఎన్నాళ్లు రావాలో వేళ్ల మీద లెక్క చూసి, "ఈ బేహారి తన కూడు ఎవరికో పెడతాండాడు నాయనా," అన్నాడు. ఆకులో ఆ సంగతి ఎక్కడా లేదు. మద్దిలేటి వెళ్లి తన తర్వాతి ఆకు తీసి చూస్తే, అక్షరాలా అదే. ఇలాంటి చదువరిని పక్కన పెట్టుకుని రెండేళ్లూ రాగి సంకటి మాత్రమే అడిగి పెట్టించుకున్నానే అని సిగ్గుతో చచ్చిపోయాడు.

కొన్నాళ్లకు యాభై తొమ్మిదో ఆకు పూర్తి చేసి వంటింటికి పరుగెత్తేసరికి పొయ్యి దగ్గర ఇంకెవరో ఉన్నారు. తమ్ముడి చేలో విత్తనాలకు మనుషులు చాల్లేదని కబురొస్తే ఉసేనప్ప పొద్దున్నే ఊరికి వెళ్లాడట. ఎప్పుడొస్తాడో తెలీదు. అరవయ్యో ఆకు గుడ్డలో చుట్టి గూట్లో పెట్టి వెళ్లాడు.

బేహారికి గురువు దొరికాడా లేదా అన్నది ఆ గుడ్డలోనే ఉంది. మద్దిలేటి గూడు ముందు అటూ ఇటూ తిరుగుతుంటే స్వామి చూశాడు.

"ఆయప్ప లేడు గదా. నేనే చెప్తాండా, తీసి చదువుకో. ఇంటికి పోతానంటివి, పోదువు."

మద్దిలేటి చేయి చాపి ఆకు అందుకున్నాడు. చుట్టిన గుడ్డ విప్పలేదు. తన ఆకుతో కలిపి సంచిలో పెట్టుకుని, స్వామికి దండం పెట్టి వాకిలి దాటాడు.

"యాడికి రా?"

"ఉసేనప్పన్న ఊరికి సామీ."

"ఆమడ పైనే నడవాల. ఆకు నీ సంచిలోనే ఉంది గదా!"

"ఉంది సామీ. నా ఆకు అన్నకు ఇంకా చెప్పలేదు."

ఎనభయ్యేళ్ల స్వామి గోడకు ఆనించిన కర్ర అందుకున్నాడు.

"నడు, నేనూ వస్తా. ఆ కత నీ నోట నేనూ వినలేదు."