ఆగని కలం

అనగనగా, ఎన్ని సముద్రాలు దాటాలో నన్నడక్కండి, అంత దూరాన పోర్చుగల్ అనే రాజ్యం. అందులో కొండమీద ఓ చిన్న పట్టణం. అక్కడి అంగడివీధిలో బల్ల వేసుకుని దస్తావేజులు రాసేవాడు లొరెన్సు. ఉన్నదున్నట్టు రాస్తానని రాజుగారి ఎదుట ప్రమాణం చేసిన లేఖరి. ఆయన రాసి, పదిమందికీ చదివి వినిపించి, కింద తన గుర్తు గీస్తే ఇక దానికి తిరుగులేదు.

ఒకనాడు ఆ బల్ల ముందుకు బ్రితెస్ అనే పేదరాలు వచ్చింది. తనంతట తను రాలేదు లెండి, ఆ ఊరి దొర గొన్సాలు లాక్కొచ్చాడు. మొగుడు పోయాక ఆమెకు మిగిలింది ఒక్క ఆలివ్ తోట. దొర కన్ను దానిమీద పడింది.

"తోట నాకు ఇష్టపూర్వకంగా ఇచ్చేస్తోంది. రాయవయ్యా!" అన్నాడు దొర.

"ఆ మాట ఆమె నోటనే రావాలి దొరా. ఏమ్మా, ఇష్టమేనా?"

బ్రితెస్‌కు గొంతు పెగల్లేదు. ఇస్తే తినేదేమిటి? కాదంటే ఈయన బతకనిస్తాడా?

దొర ఆమె చెవిలో గొణిగాడు, బల్ల అవతల లేఖరికీ వినబడేంతగా. "ఊఁ అను. లేదంటే నీ కాయలు నా గానుగలో ఆడనివ్వను."

ఆమె పలకలేదు. కలం మాత్రం గరగరా కదిలింది. 'అయ్యో, నేనేమీ అనందే ఈయన ఏం రాస్తున్నట్టు?' అనుకుంది బ్రితెస్.

"నీ గాడిదను నా దారిన నడవనివ్వను!" దొర గొంతు పెరిగింది. కలం మళ్ళీ గరగర. బ్రితెస్ మెడ చాచి తొంగిచూసింది. అక్షరమ్ముక్క రానిదానికి ఏం తెలుస్తుంది పాపం!

"మొండిదానా! నీ ఇంటి పెంకులన్నీ ఊడబీకిస్తా!" అని అరిచాడు దొర. కలం గరగరా గరగరా పరిగెత్తి, పత్రం నిండిపోయింది.

దొర మీసం దువ్వాడు. "రాయడమైందిగా, గుర్తు గీసెయ్."

"ముందు చదవాలి దొరా, ఆచారం," అంటూ లేఖరి లేచి నిలబడ్డాడు. జనం మూగారు.

"ఇష్టమేనా అని అడిగాను. బ్రితెస్ పలకలేదు. గానుగ ఆడనివ్వనన్నాడు దొర. బ్రితెస్ పలకలేదు. దారిన నడవనివ్వనన్నాడు. బ్రితెస్ పలకలేదు. పెంకులు ఊడబీకిస్తానన్నాడు..."

జనం గొల్లున నవ్వారు. దొర ముఖం కందగడ్డయింది.

"ఇదంతా ఎవడు రాయమన్నాడు? చింపెయ్!"

"చింపమన్నారని కూడా రాయాలి దొరా," అని లేఖరి కలాన్ని సిరాలో ముంచాడు.

దొర టక్కున నోరు మూసుకున్నాడు. అప్పుడు తెరిచింది నోరు బ్రితెస్. "నా తోట నేనివ్వను! అదీ రాయండి బాబూ!"

లేఖరి రాశాడు, గుర్తు గీశాడు. రాజుగారి దాకా వెళ్ళగల పత్రంలో తన బెదిరింపులన్నీ ఎక్కాక దొర ఇంకేం చేస్తాడు? ఆ ఏడూ బ్రితెస్ కాయలు ఆయన గానుగలోనే ఆడాయి.

చూశారా పిల్లలూ, జరిగింది జరిగినట్టు చెప్పేవాడు ఒక్కడున్నా చాలు, భయపడ్డవాళ్ళకు గొంతు వస్తుంది.